ఓబులేసు: ఈ పేరు ఎక్కడిది, అర్థమేమిటి, ఇప్పుడు పెట్టొచ్చా?

మీ బాబు రోహిణి మొదటి పాదంలో పుట్టాడు, పంతులుగారు 'ఓ' అక్షరం ఇచ్చారు. మీ నాన్నగారేమో మీ జేజినాయన (తాతగారి) పేరు, ఓబులేసు, పెట్టి తీరాలంటున్నారు. మీ ఆవిడది కాకినాడ, ఆమె ఆ పేరు ఎప్పుడూ వినలేదు. బెంగళూరులో పెరిగే పిల్లాడికి ఈ పేరు ఇబ్బంది అవుతుందేమోనని ఇద్దరికీ టెన్షన్. దీనికి అర్థమేమిటి, ఎక్కడ పుట్టింది, ఈ రోజుల్లో ఎవరైనా పెడుతున్నారా అని అడిగారు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. పెట్టండి. నిశ్చింతగా పెట్టండి. ఆళ్లగడ్డ, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు చుట్టుపక్కల హైస్కూళ్లలో తెలుగు పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి. హాజరు పట్టీల్లో ఈ పేరు చదివీ చదివీ, దాని వెనక ఉన్న కథ తెలుసుకోవాలని శాసనాలూ పాత పుస్తకాలూ తిరగేసినవాణ్ణి. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

ఓబులేసు అంటే అహోబిలం నరసింహస్వామి. ఇంకో అర్థం లేదు, ఊహించుకోవలసిన పనీ లేదు. నంద్యాల జిల్లా ఆళ్లగడ్డ దగ్గర నల్లమల అడవిలో ఉన్న అహోబిలానికి పాత పేరు అహోబలం. హిరణ్యకశిపుణ్ణి చీల్చిన నరసింహుణ్ణి చూసి దేవతలు 'అహో బలం' అని పొగిడారట, అందుకని ఆ పేరు వచ్చిందంటారు. గరుత్మంతుడు తపస్సు చేస్తే స్వామి గుహలో కనిపించాడని, అందుకని 'అహో బిలం' అయిందని ఇంకో కథ. రెండూ ఆ క్షేత్రంలో చెప్పేవే. పేర్ల సంగతికి వస్తే మాత్రం మనకు కావలసింది మొదటిదే. ఎందుకంటే పాత పేర్లన్నీ 'అహోబల' నుంచి వచ్చాయి, 'అహోబిల' నుంచి కాదు.

అహోబల, ఈశ కలిస్తే అహోబలేశ. అహోబలానికి ప్రభువు అని అర్థం. ఇది జనం నోట్లో పడ్డాక ఏమైందో చూడండి. మన పల్లెల్లో మాట నడుమ 'హ' నిలవదు. మహాలక్ష్మి మాలచ్చిమి అయింది, బ్రహ్మయ్య బెమ్మయ్య అయ్యాడు, నరసింహులు తెలంగాణలో నర్సిములు అయ్యాడు. అలాగే 'అహో'లోని 'హ' పోయి మొదట 'ఔ' అయింది, తర్వాత 'ఓ' అయింది. ఇది నా ఊహ కాదు. విజయనగర కాలపు శాసనాల్లో ఔబళరాజు, ఓబళరాజు అనే పేర్లు రెండూ కనిపిస్తాయి. అంటే ఈ మార్పు నిన్నా మొన్నా జరిగింది కాదు, పెద్ద పెద్ద పాలెగాళ్లూ రాజులూ కూడా ఈ రూపంలోనే పేరు పెట్టుకున్నారు. ఇక చివర ఉన్న 'ఈశ' సంగతి తెలిసిందే, వెంకటేశుడు వెంకటేసు అయినట్టు, మల్లేశుడు మల్లేసు అయినట్టు ఓబళేశుడు ఓబులేసు అయ్యాడు. కొందరు ళ తో ఓబుళేసు అని రాస్తారు, అది పాత రూపానికి దగ్గర. రెండూ ఒప్పే.

చివర 'ఏసు' అని వినిపించేసరికి ఇది క్రైస్తవుల పేరా అని బయటి ప్రాంతాలవాళ్లు కొందరు అడుగుతుంటారు. మీ ఆవిడ తరఫువాళ్లు అడిగినా అడగొచ్చు. దానికీ దీనికీ సంబంధం లేదు, ఇక్కడ ఉన్నది మల్లేసు, వెంకటేసు పేర్లలో ఉన్న 'ఈశ' శబ్దమే.

ఇప్పుడు మీ ఆవిడ ఈ పేరు ఎందుకు వినలేదో చెబుతాను. నాకు ఈ విషయంలో అన్నిటికన్నా ఇష్టమైన సంగతి ఇదే. తెలుగువాళ్లందరూ నరసింహుణ్ణి కొలుస్తారు, కానీ పేరు పెట్టేటప్పుడు ఎవరి కొండ పేరు వాళ్లు పెట్టుకుంటారు. విశాఖ, విజయనగరం వైపు సింహాచలం, సింహాద్రి, అప్పన్న, అప్పలనాయుడు. గుంటూరు వైపు మంగళగిరి పానకాలస్వామి పేరు మీద పానకాలు, పానకాలరావు. కృష్ణ ఒడ్డున వేదాద్రి. ప్రకాశం, నెల్లూరు సరిహద్దుల్లో మాలకొండ స్వామి ఉన్నాడు, ఆ గుడి శనివారం ఒక్కరోజే తెరుస్తారు. ఆయన పేరు మీద మాలకొండయ్య, మాల్యాద్రి. అక్కడి నుంచి కాస్త కిందికి దిగితే పెంచలకోన, పెంచలయ్య. తెలంగాణలో యాదగిరిగుట్ట పేరు మీద యాదగిరి, యాదయ్య, యాదమ్మ. కదిరి చుట్టూ కదిరప్ప, ఖాద్రి. కర్నూలు, కడప, అనంతపురం వైపు ఓబులేసు, ఓబుల్ రెడ్డి, ఓబయ్య, ఓబన్న, ఓబులమ్మ. దేవుడు ఒక్కడే. ఆధార్ కార్డు చూడకుండా, పేరు వింటే చాలు, ఆ మనిషి తాతలు ఏ కొండకు మొక్కారో చెప్పేయొచ్చు.

కాకినాడలో పుట్టిన అమ్మాయికి ఓబులేసు తెలియకపోవడంలో వింతేమీ లేదు. ఆళ్లగడ్డ పిల్లలకు సత్తిబాబు అనే పేరు కొత్తగానే ఉంటుంది. అన్నవరం సత్యనారాయణ స్వామి సత్తిబాబు అయినట్టే అహోబలేశుడు ఓబులేసు అయ్యాడని ఆమెకు చెప్పండి, వెంటనే అర్థమవుతుంది.

మరి ఒక్క గుడి పేరు ఇంత పెద్ద ప్రాంతంలో ఇంటింటికీ ఎలా చేరింది? అహోబిలం వెనక చాలా పెద్ద చరిత్ర ఉంది. తిరుమంగై ఆళ్వారు తన తమిళ పాశురాల్లో పాడిన క్షేత్రం అది, వైష్ణవుల నూట ఎనిమిది దివ్యదేశాల్లో ఒకటి. 14వ శతాబ్దంలో ఎర్రన తన నృసింహపురాణాన్ని అహోబల నరసింహుడికే అంకితమిచ్చాడు. అద్దంకి ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలానికి, అహోబిలానికి మెట్లు కట్టించాడు. ఆదివన్ శఠకోప యతి స్థాపించిన అహోబిల మఠం ఈ క్షేత్రం పేరుతోనే నడుస్తోంది. తాళ్లపాక అన్నమయ్య ఆ యతి దగ్గరే వైష్ణవ శాస్త్రాలు చదువుకున్నాడు, అహోబిలం మీద కీర్తనలు పాడాడు. శ్రీకృష్ణదేవరాయలు 1515లో కళింగ దండయాత్ర రోజుల్లో వచ్చి స్వామికి ఆభరణాలు సమర్పించినట్టు అక్కడ శాసనం ఉంది.

అయితే రాజులు మెట్లు కట్టిస్తేనో, కవులు కావ్యాలు రాస్తేనో పల్లెలో రైతు తన కొడుక్కి ఆ పేరు పెట్టడు. నన్నడిగితే ఈ పేరును ఊళ్లలోకి మోసుకొచ్చింది పారువేట. సంక్రాంతి మరుసటి రోజు కనుమ నాడు అహోబిలం ఉత్సవమూర్తులు పల్లకి ఎక్కి గుడి వదిలి బయల్దేరుతాయి. నలభై రోజులకు పైగా ముప్పైకి మించిన ఊళ్లు తిరిగి, బ్రహ్మోత్సవాల వేళకు కొండకు చేరతాయి. స్వామి చెంచుల ఆడపడుచు చెంచులక్ష్మిని పెళ్లాడాడు కదా, తన కల్యాణానికి రమ్మని జనాన్ని స్వయంగా పిలవడానికి వస్తాడని ఆ ఊళ్ల నమ్మకం. చెంచులైతే స్వామిని తమ బావగా, ఇంటి అల్లుడిగా చెప్పుకుంటారు. పల్లకి వచ్చేరోజు ఊరంతా పండగే. ఇంటి ముందు కళ్లాపి చల్లి ముగ్గులు వేస్తారు, అత్తారిళ్లలో ఉన్న ఆడపిల్లలను పిలిపించుకుంటారు, కొత్త బట్టలు కడతారు, పల్లకి ఆగిన చోట కొబ్బరికాయ, హారతి. ఒడిలో చంటిపిల్లను ఎత్తుకొచ్చి పల్లకి కింద నుంచి దాటించే తల్లులను చూశాను. గుడికి నడిచి వెళ్లలేని ముసలివాళ్ల గడప ముందుకే దేవుడు వస్తున్నాడు. అలాంటి ఊళ్లో పుట్టిన పిల్లాడికి ఓబులేసు అని కాక ఇంకేం పేరు పెడతారు?

అందుకే ఈ పేరు ఏ ఒక్క కులానిదీ కాదు. రెడ్లలో ఓబుల్ రెడ్డి, ఓబిరెడ్డి ఉన్నారు. బోయల్లో, వడ్డెర్లలో, బలిజల్లో, మాల మాదిగల్లో, అందరిలో ఓబులేసులు, ఓబయ్యలు ఉన్నారు. బ్రాహ్మణుల ఇళ్లలో సంస్కృత రూపం నిలిచింది, అహోబలరావు అని, అహోబల శాస్త్రి అని. పిల్లలు లేనివాళ్లు మొక్కుకుని, పుడితే స్వామి పేరు పెట్టి, అక్కడే పుట్టువెంట్రుకలు తీయించేవాళ్లు. మీ జేజినాయనకు ఆ పేరు రావడం వెనక అలాంటి మొక్కు ఏదైనా ఉందేమో మీ నాన్నగారిని అడిగి చూడండి.

పేరున్న ఓబులేసులు ఎవరైనా ఉన్నారా అని మీ ఆవిడ అడిగినట్టు రాశారు. ఉన్నారు. నాకు ముందుగా గుర్తొచ్చేది వడ్డె ఓబన్న. 1846లో కంపెనీ పాలన మీద తిరగబడ్డ ఉయ్యాలవాడ నరసింహారెడ్డికి కుడిభుజంగా నిలిచినవాడు. నరసింహారెడ్డిని 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో ఉరితీశారు. ఇప్పుడు జనవరి 11న ఓబన్న జయంతి జరుపుతున్నారు. ఆ ఇద్దరి పేర్లూ పక్కపక్కన పెట్టి చూడండి. నాయకుడి పేరులో ఉన్నదీ, సహచరుడి పేరులో ఉన్నదీ ఒకే దేవుడు. ఒకరిది పుస్తకంలో రాసుకునే రూపం, ఒకరిది ఊళ్లో పిలుచుకునే రూపం. నేను ఈ పాఠం చెప్పినప్పుడల్లా క్లాసులో ఉన్న ఓబులేసుల ముఖాలు వెలిగిపోయేవి.

పాండిత్యంలోనూ ఈ పేరుకు లోటు లేదు. ఆంధ్రశబ్దచింతామణి అనే తెలుగు వ్యాకరణానికి వ్యాఖ్య రాసిన గాలి అహోబల పండితుడు ఉన్నాడు, ఆయన వ్యాఖ్యను అహోబలపండితీయం అనే అంటారు. తెలుగు వ్యాకరణం లోతుగా చదివినవాళ్లు ఆ పుస్తకం దాటి పోలేరు. 17వ శతాబ్దంలో సంగీత పారిజాతం రాసిన అహోబలుడు వీణ తీగ పొడవును భాగాలు చేసి ఏ స్వరం ఎక్కడ పలుకుతుందో లెక్కగట్టి చెప్పాడు. మన కాలానికి దగ్గరగా వస్తే కల్లూరు అహోబలరావు గారు. రాయలసీమ రచయితల చరిత్రను సంపుటాలుగా రాసి, మరుగునపడిన ఎంతోమంది సీమ కవులను వెలుగులోకి తెచ్చారు. వ్యాపారంలో చూస్తే, నిప్పో బ్యాటరీల పి. ఓబుల్ రెడ్డి గారి పేరు మద్రాసు తెలుగువాళ్లందరికీ తెలుసు. హైదరాబాదు జూబ్లీహిల్స్‌లో ఆయన పేరుతో స్కూలు కూడా ఉంది.

మీరుండేది బెంగళూరు కాబట్టి ఇంకో మాట. కన్నడనాట ఈ పేరు మీకు పరాయిది కాదు. చిత్రదుర్గ పాళెగాళ్లలో ఓబణ్ణ నాయకుడున్నాడు. హైదర్ అలీ సైనికులు కోట సందులోంచి దూరుతుంటే రోకలితో ఒక్కొక్కణ్ణీ కొట్టి పడేసిన ఒనకె ఓబవ్వ కథ అక్కడి పిల్లలందరూ బళ్లో చదువుకుంటారు. బళ్లారి, చిత్రదుర్గ వైపు ఓబళేశ అనే పేరు ఇప్పటికీ వినిపిస్తుంది. మీ బాబు కన్నడ స్నేహితులు ఈ పేరు విని తికమకపడరు, పైగా మా ఊళ్లోనూ ఉన్నారంటారు. ఊళ్ల పేర్లు కూడా ఈ దారిలోనే ఉన్నాయి: ఓబులదేవరచెరువు, ఓబులవారిపల్లె, ఓబుళాపురం. అహోబిలం నుంచి చిత్రదుర్గ దాకా ఈ పేరు పరుచుకుని ఉంది.

ఇక వాడుక సంగతి. ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. ఈ పేరు బాగా తగ్గిపోయింది. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక్కో క్లాసులో ఇద్దరు ముగ్గురు ఉండేవాళ్లు, పెద్ద ఓబులేసు, చిన్న ఓబులేసు అనో, ఇంటిపేరు కలిపో పిలవాల్సి వచ్చేది. తర్వాత సురేష్, రమేష్, మహేష్‌ల కాలం వచ్చింది. ఆ తర్వాత రెండక్షరాల పేర్ల కాలం. నేను రిటైరయ్యే నాటికి పిల్లల పేర్లలో కన్నా తండ్రి పేరు గడిలోనే ఓబులేసు ఎక్కువగా కనిపించేది, ఇప్పుడు తాతల పేర్లలో మిగిలింది. పల్లకి తిరిగే ఊళ్లలో మాత్రం ఇప్పటికీ పెడుతున్నారు.

తగ్గడానికి కాలం మారడం ఒక్కటే కారణం కాదు. సినిమాలవాళ్లు ఈ పేరుకు చాలా అన్యాయం చేశారు. ఊరి మొద్దుకు పెట్టాలన్నా, కత్తి పట్టుకు తిరిగే ఫ్యాక్షన్ మనిషికి పెట్టాలన్నా వాళ్లకు ఓబులేసో, ఓబుల్ రెడ్డో దొరికేది. సీమ మీద ఉన్న చిన్నచూపంతా తీసుకొచ్చి ఈ పేరు మీద వేశారు. చదువుకున్న కుర్రాళ్లు కాలేజీకి వెళ్లగానే పేరు మార్చుకోవడం నేను చూశాను, చాలా బాధేసేది. మీ బాబును ఎవరైనా ఎగతాళి చేస్తారా అంటే, ఒకరిద్దరు చేయొచ్చు. ఈ రోజుల్లో పిల్లలు ఏ పేరునైనా ఏడిపిస్తారు. కానీ తన పేరు వెనక ఏముందో తెలిసిన పిల్లాడు తల దించుకోడు. మీరు వాడికి చిన్నప్పుడే ఒకసారి ఎగువ అహోబిలం చూపించండి, ఉగ్రస్తంభం చూపించి స్వామి ఇక్కడే వెలిశాడట అని చెప్పండి. వాడే పది మందికి చెప్పుకుంటాడు.

అక్షరం సంగతి. రోహిణికి ఓ, వా, వీ, వూ. మొదటి పాదానికి ఓ. ఈ అక్షరంతో మగపిల్లల పేర్లు వెతికేవాళ్లకు దొరికేవి ఓం, ఓంకార్, ఓజస్ లాంటి నాలుగైదు మాత్రమే, అందరూ వాటి చుట్టూనే తిరుగుతుంటారు. మీకేమో ఇంట్లోనే సరైన పేరు సిద్ధంగా ఉంది. ఇక్కడ ఒక జాగ్రత్త. కొంచెం గంభీరంగా ఉంటుందని అహోబలేశ్ అనో, అహోబిల్ అనో పెడితే మొదటి అక్షరం 'అ' అవుతుంది, అది కృత్తిక మొదటి పాదానిది. స్వామి పేరే కదా అని మాలోల అని పెట్టినా (నవ నారసింహుల్లో ఒకరు మాలోల నరసింహుడు, చక్కటి పేరు) అది 'మా', మఖ నక్షత్రం. మీ పంతులుగారి మాట నిలవాలంటే 'ఓ' రూపమే కావాలి.

ఏ రూపం రాయించాలి అన్నారు. ఓబులేసు అని ఉన్నదున్నట్టు రాయించడం నా మొదటి ఎంపిక. ముత్తాత పేరు ముత్తాత పేరులాగే ఉండాలి. మీ ఆవిడకు ఆ చివరి 'సు' మరీ పాతగా అనిపిస్తే ఓబులేశ్ అనండి, అదీ బాగుంది, మూలానికీ దగ్గరే, కన్నడ రూపానికీ దగ్గరే. ఓబుల్ అని సగంలో కోసేయకండి, అప్పుడు ఈశుడు పోయి ఊరు మాత్రం మిగులుతుంది. ఇంట్లో ఎలాగూ ఓబులూ అనే పిలుస్తారు, అది చాలు. ఇంగ్లీషులో రాసేటప్పుడు ఓ, బి, యు, ఎల్, ఇ, ఎస్, యు అని రాయించండి. మధ్యలో రెండు ఎల్‌లు, చివర డబుల్ ఓ లాంటివి పెట్టకండి, పాస్‌పోర్టులో ఒక రకం, స్కూలు రికార్డులో ఇంకో రకం అయితే తర్వాత పడే తిప్పలు అన్నీ ఇన్నీ కావు.

తొందరపడాల్సిన పని కూడా లేదు. పుట్టుక 21 రోజుల్లో నమోదు చేయిస్తే చాలు, అప్పటికి పేరు ఇవ్వకపోయినా పరవాలేదు. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం ప్రకారం ఏడాదిలోపు పేరు చేర్పించడానికి రుసుము ఉండదు. ఆ తర్వాతైనా ఆలస్య రుసుము కట్టి 15 ఏళ్ల లోపు చేర్చుకోవచ్చు. అయితే 2023 అక్టోబరు 1 నుంచి పుట్టిన పిల్లలకు బడిలో చేరికకు, పాస్‌పోర్టుకు, ఆధార్‌కు జనన ధృవీకరణ పత్రమే ప్రధాన ఆధారం. కాబట్టి ఎప్పుడు రాయించినా అక్షరాలు ఒకటికి రెండుసార్లు చూసుకుని రాయించండి.

మీ ఆవిడ ఇంకా మొగ్గకపోతే ఒక మధ్యేమార్గం ఉంది. రెండో పేరు ఆమెను ఎంచుకోమనండి. ఓబులేశ్ సత్య అనుకోండి, అహోబిలమూ అన్నవరమూ ఒకే పేరులో కలుస్తాయి, మీ నాన్నగారికీ ఆమె పుట్టింటివాళ్లకీ ఇద్దరికీ తృప్తి. బారసాల నాడు బియ్యంలో పేరు రాసేది మాత్రం ఓబులేసు అనే రాయండి.